మిడుతూరు: జనమూ, బాటలూ

సర్కారువారి జనగణన గ్రంథాలలో పల్లెటూరికి దొరికే చోటు ఒక్క వరుస. ఊరి పేరు, సంకేతసంఖ్య, విస్తీర్ణం ఎన్ని హెక్టార్లు, ఇండ్లెన్ని, మగవారెందరు, ఆడవారెందరు, చదువు వచ్చినవారెందరు అన్న అంకెలు ఆ వరుసలో ముందు నడుస్తాయి. వాని వెనుక బడి ఉన్నదా, ఆసుపత్రి ఉన్నదా, బస్సు వస్తుందా, రైలు నిలుస్తుందా అన్న గడులు వస్తాయి. సదుపాయం ఊళ్లోనే ఉంటే సరే. లేకపోతే అది ఎంత దూరంలో ఉన్నదో ఒక అక్షరంతో తేల్చివేస్తారు. అయిదు కిలోమీటర్ల లోపైతే ఒక అక్షరం, అయిదు నుంచి పది వరకు మరొకటి, పది దాటితే ఇంకొకటి. పది దాటిన తరువాత పన్నెండైనా, నలుబదియైనా ఆ గ్రంథకర్తలకు ఒక్కటే. మూట నెత్తిన పెట్టుకొని నడిచేవారికి మాత్రం ఒక్కటి కాదు.

నంద్యాల జిల్లాలోని మిడుతూరుకు రైలు గడిలో పడేది ఆ కడపటి అక్షరమే. ఉత్తరాన నందికొట్కూరు, పడమట కర్నూలు, ఆగ్నేయాన నంద్యాల, ఈ మూడు పట్టణాల నడుమ, ఎర్రమల కొండలకూ నల్లమల అడవికీ మధ్య పరచుకొన్న మైదానంలో ఉన్న ఊరు ఇది. రైలు ఎక్కదలచినవారు అటు కర్నూలుకో, ఇటు నంద్యాలకో పోవలసిందే. అనంతపురం జిల్లా పెద్దవడుగూరు మండలంలో మరొక మిడుతూరు ఉన్నది. అది హైదరాబాదు నుంచి బెంగుళూరుకు పోయే జాతీయ రహదారి పొంతన ఉన్నందువల్ల బాటసారులకు దాని పేరే ఎక్కువ పరిచితం. నంద్యాల మిడుతూరుకు ఆ యోగం లేదు. అక్కడికి పని ఉన్నవారే పోతారు.

పేరు వినగానే మిడుతల దండు తలపునకు రావడం సహజం. 'మిడుత'కు 'ఊరు' చేరితే అత్వసంధి జరిగి 'మిడుతూరు' అవుతుందని ఉన్నత పాఠశాల విద్యార్థి కూడా చెప్పగలడు. వ్యాకరణం సమ్మతించినంత మాత్రాన చరిత్ర సమ్మతించినట్లు కాదు గనుక ఆ ఊహను అంతటితో విడిచిపెట్టడమే మేలు. చుట్టుపట్ల ఊళ్ల పేర్లు ఇంతకంటె గట్టి సాక్ష్యం పలుకుతాయి. దేవనూరు, జలకనూరు, అలగనూరు, కడుమూరు, తలముడిపి, చౌటుకూరు, రోళ్లపాడు అన్నవి ఒక తరహా. ఖాజీపేట, పీరుసాహెబుపేట అన్నవి వేరొక తరహా. 1839లో ఇంగ్లీషువారు గద్దె దింపేదాకా ఈ సీమను ఏలిన కర్నూలు నవాబుల కాలపు వాసన వానిలో ఉన్నది. వీటికంటె వింతైనది 49 బన్నూరు. పొరుగు మండలమైన జూపాడు బంగళాలో 80 బన్నూరు ఉన్నది. ఒకే పేరుగల రెండు ఊళ్లను అంకెలతో వేరుచేసి పిలుస్తున్నారు. పల్లెను అంకెగా చూసే అలవాటు జనగణనతోనే పుట్టలేదు కాబోలు!

జనసంఖ్య ఒక గడి, రాకపోకలు మరొక గడి అని గ్రంథం విడదీసి చూపుతుంది. చూచేవారు కూడా ఆ రెంటికీ సంబంధం లేదనుకొంటారు. ఊరి బ్రతుకులో అవి విడివిడిగా ఎన్నడూ లేవు. బాట ఎటు పోతే జనం అటు పోయారు. జనం ఎందరున్నారని తేలితే అంత బాట వచ్చింది. పూర్వపు నందికొట్కూరు తాలూకా నూట యాభై ఏండ్ల కథ అంతా ఈ ఇచ్చిపుచ్చుకోలే.

ఇంగ్లీషువారి రోడ్లు రాకముందు ఈ ప్రాంతానికీ తూర్పు తీరానికీ అడ్డంగా నల్లమల నిలిచి ఉండేది. దానిని దాటడానికి ముఖ్యమైన కనుమలు రెండు. ఆత్మకూరు వైపునుంచి దోర్నాలకు దిగేది మంత్రాలకనుమ. నంద్యాల వైపునుంచి గిద్దలూరు, కంభం దిక్కుకు పోయేది నందికనుమ. లంబాడీల పెరికెద్దులు కోస్తా ఉప్పును ఈ కనుమల మీదుగా ఎక్కించి తెచ్చేవి. తిరుగుదారిలో ఇక్కడి ధాన్యమో, పత్తియో దించి పోయేవి. మైదానంలో మాత్రం బండి బాటలే. ఎండకాలంలో ఆ బాటల మీద బండి సునాయాసంగా నడుస్తుంది. వాన పడితే రేగడి మన్ను కమ్మీలకు అంటుకొని చక్రం మొద్దువలె అవుతుంది. వంక పొర్లితే అవతలి ఒడ్డు మరొక దేశమే. అందువల్ల నాలుగు నెలలు ఊరు తనలో తాను బ్రతికేది: పాతరలోని జొన్న, బావిలోని నీరు, పొరుగున దొరికే అప్పు. పాతర ఒట్టిపోయిన ఏడు ఏమవుతుందన్నది 1876లో తేలింది.

మన లెక్కకు ధాత, ఈశ్వర సంవత్సరాలు. 1876లో వానలు తప్పాయి, 1877లోనూ సరిగా పడలేదు. మదరాసు రాజధాని మొత్తంలో మిక్కిలి దెబ్బతిన్న జిల్లాలలో కర్నూలు, బళ్లారి ముందువరుసలో నిలిచాయి. దేశంలో ధాన్యం లేకపోలేదు. మదరాసు రేవులో బియ్యం దిగుతూనే ఉన్నది. మదరాసు నుంచి బొంబాయి వైపు పోయే రైలుమార్గం కర్నూలు జిల్లా నడిబొడ్డును తాకలేదు; అది గుత్తి మీదుగా పోయింది. గుత్తిలో దిగిన బస్తా నందికొట్కూరు తాలూకాకు ఎద్దులబండి మీద రావాలి. దారిపొడుగునా పచ్చగడ్డి లేదు, కుంటలలో నీరు లేదు. మనుషులకంటె ముందు ఎద్దులు చచ్చాయి. బండి ఉండీ కాడి మోయడానికి జత లేదు. అందువల్ల రైలుకు దగ్గరగా ఉన్న ఊళ్లలో కొనలేనివారు చచ్చారు. దూరంగా ఉన్న ఊళ్లలో కొనగలవారు కూడా చచ్చారు.

కరువు పనులని సర్కారు తెరచిన చోట్ల జనం చేసినది ఎక్కువగా రోడ్డు పనే: రాళ్లు కొట్టడం, కంకర పోయడం, మట్టి ఎత్తడం. ఆ పనికి పెద్దవానికి రోజుకొక పౌను ధాన్యం చాలునని సర్ రిచర్డ్ టెంపుల్ నిర్ణయించిన వైనం దేశమంతటా అపకీర్తి పాలయింది. రాయలసీమలో పాత కంకర రోడ్ల మీద నడిచేవారు ఈ సంగతి ఒక్కసారి తలచుకోవడంలో తప్పులేదు.

దీని ఫలం అంకెలలో స్పష్టంగా ఉన్నది. మదరాసు రాజధానిలో తొలి సమగ్ర జనగణన 1871 నవంబరులో జరిగింది. తరువాతిది 1881లో. ఆ పదేండ్లలో కర్నూలు జిల్లా జనం తొమ్మిది లక్షలు మించిన సంఖ్య నుంచి ఏడు లక్షల దరికి దిగిపోయారు. సుమారు నాలుగింట ఒకవంతు. 1901లో లెక్కిస్తే 8,72,055 మంది తేలారు. ముప్పది ఏండ్లు గడిచినా 1871 నాటి సంఖ్య తిరిగి చేరలేదన్నమాట. ఏ జబ్బూ, ఏ యుద్ధమూ ఈ జిల్లాను ఇంతగా కోయలేదు. గింజకూ గంజికీ నడుమ ఉన్న బండి బాట కోసింది.

ఈ విషాదంలో ఒక వ్యంగ్యం కూడా ఉన్నది. ఆ కరువు నాటికే కర్నూలు–కడప కాలువ త్రవ్వి ఉన్నది. తుంగభద్ర మీద సుంకేసుల వద్ద ఆనకట్ట కట్టి, కర్నూలు మీదుగా, నందికొట్కూరు తాలూకాను చీల్చుకొని, కృష్ణా పరీవాహం నుంచి పెన్నా పరీవాహంలోనికి మిట్టకందాల వద్ద గట్టు కోసి దించి, నంద్యాల మీదుగా కడప దాకా మూడువందల కిలోమీటర్ల పైచిలుకు తీసుకొనిపోయిన కాలువ అది. మదరాసు ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ అనే ప్రైవేటు సంస్థ 1860 దశకంలో ఆ పని చేసింది; పెట్టుబడి మీద నూటికి అయిదు వడ్డీకి సర్కారు పూచీ నిలిచింది. పాఠకులు గమనింపవలసిన విశేషమేమంటే, ఆ కాలువను నీటిపారుదలకు మాత్రమే గాక నావలు నడవడానికి కూడా ఉద్దేశించారు. లాకులు కట్టారు. సర్ ఆర్థర్ కాటన్ కన్న కల అది: ఇనుపదారి కంటె నీటిదారి చవుక అని ఆయన జీవితాంతం వాదించాడు. గోదావరి, కృష్ణా డెల్టాలలో ఆ వాదం ఫలించింది. పడవల మీద ధాన్యం కాకినాడకూ, బెజవాడకూ నడిచింది. ఇక్కడ ఫలించలేదు. రేగడి నేలలో మెట్టపైరుకు అలవాటుపడిన రైతు తీరువ కట్టి నీరు కొనడానికి జంకాడు. పడవలు కోస్తాలో వలె సాగలేదు. కంపెనీ నష్టాలలో పడింది. 1882లో సర్కారు దానిని కొనివేసింది. డెల్టాకు నప్పిన పథకాన్ని మెట్టసీమకు తెచ్చి, నప్పలేదేమని రైతును నిందించిన దొరల నివేదికలకు కొదవలేదు గాని, తప్పు రైతుది మాత్రం కాదు.

కరువు తరువాత వేసిన కమిషన్ సలహా మీద క్షామనివారక రైలుమార్గాలు వెలిశాయి. గుంతకల్లు నుంచి నంద్యాల, కంభం మీదుగా కృష్ణ ఒడ్డున తాడేపల్లి దాకా 1890 ప్రాంతానికి పూర్తయిన మార్గం అటువంటిదే. నల్లమలను అది నందికనుమ దగ్గర సొరంగం త్రవ్వి దాటింది. పెరికెద్దులు దాటిన చోటనే ఇంజను దాటిందన్నమాట. దానితో నంద్యాల వ్యాపార కేంద్రమయింది. కొంతకాలానికి ద్రోణాచలం నుంచి కర్నూలుకు శాఖ వచ్చింది. నందికొట్కూరు తాలూకా మాత్రం ఈ రెండు ఇనుపదారుల నడుమ పందిరి లేని తీగవలె ఉండిపోయింది. నంద్యాల నుంచి బనగానపల్లె, కోవెలకుంట్ల మీదుగా ఎర్రగుంట్లకు 2016లో వేసిన కొత్త రైలు కూడా దక్షిణానికి పోయింది గాని ఉత్తరానికి రాలేదు.

1953 అక్టోబరు 1 నుంచి 1956 అక్టోబరు ఆఖరు దాకా ఆంధ్రరాష్ట్రానికి కర్నూలు ముఖ్యపట్టణం. ఆ మూడేండ్లు మిడుతూరు, తలముడిపి, చౌటుకూరు వంటి పల్లెలు రాజధానికి ఒక్కపూట దూరంలో ఉన్నాయి. ఆ సామీప్యం వారికి ఏమి మిగిల్చిందో చెప్పడానికి పెద్ద గ్రంథం అక్కరలేదు. డేరాలలో కచేరీలు నడిపిన రాజధానికి పల్లెల బాటలు చూచే తీరిక ఎక్కడిది! యుద్ధకాలంలో పెట్రోలు దొరకక బొగ్గువాయువుతో నడిచిన ప్రైవేటు బస్సులు, ఆ పిమ్మట 1958 జనవరి 11న ఏర్పడిన రోడ్డు రవాణా సంస్థ బస్సులు ఒక్కొక్క దారినే పల్లెలకు పట్టాయి. బస్సు వచ్చిన ఊరి పిల్లవాడు నందికొట్కూరు హైస్కూలుకు పోయి సాయంత్రానికి ఇల్లు చేరగలిగాడు. బస్సు రాని ఊరి పిల్లవాడు బంధువుల ఇంట ఉండి చదివాడు, లేదా మానివేశాడు. ఆడపిల్లల సంగతి వేరే చెప్పనక్కరలేదు.

1980 దశకారంభంలో మరొక పెద్ద మార్పు వచ్చింది. శ్రీశైలం జలాశయం నిండింది. నందికొట్కూరు, ఆత్మకూరు తాలూకాలలో కృష్ణ, తుంగభద్రల ఒడ్డున ఉన్న ఊళ్లు మునిగాయి. ఇంటి దూలాలు తీసుకొని జనం మిట్టకు ఎక్కారు. ఏ పల్లె ఎందరిని పోగొట్టుకొన్నదో, ఏ పల్లె ఎందరిని చేర్చుకొన్నదో 1971, 1981, 1991 లెక్కలను పక్కపక్కన పెట్టి చూచేవారికి తెలుస్తుంది. బాటల సంగతి మాత్రం ఆ లెక్కలలో లేదు. తరతరాలుగా కృష్ణ రేవులకు దిగి అవతలి కొల్లాపురం వైపు పోయిన దారులు నీటి అంచున ఆగిపోయాయి. చుట్టరికాలు ఆగలేదు. అందువల్ల పడవ తప్పనిసరి అయింది. 2007 జనవరి 18న సింగోటం జాతరకు పోతున్న పడవ పగిడ్యాల మండలం నెహ్రూనగర్ దగ్గర మునిగి సుమారు అరవైమంది చనిపోయారు. సోమశిల వద్ద కృష్ణ మీద తీగల వంతెనకు కేంద్రప్రభుత్వం ఆమోదం తెలిపినది 2022లో. జలాశయం నిండిన నలుబది ఏండ్లకు!

మిడుతూరుకు దశ తిరిగినది 1985 మే నెలలో. తాలూకాలను తీసివేసి మండలాలను ఏర్పరచినప్పుడు మిడుతూరు మండలకేంద్రమయింది. అంతవరకు అర్జీ పట్టుకొని నందికొట్కూరు పోయినవారు మిడుతూరుకు రాసాగారు. అడంగలు నకలుకు ఇక్కడికే, రేషను కార్డుకు ఇక్కడికే, తగాదా వస్తే పోలీసు ఠాణాకు ఇక్కడికే. ఊళ్ల నడుమ బాటల ముఖం మారింది. పని మీద వచ్చినవానికి టీ కావాలి, అర్జీ వ్రాసేవాడు కావాలి, సైకిలు గాలి కావాలి. ఆ అవసరాల చుట్టూ నాలుగు కొట్లు, ఆ కొట్ల చుట్టూ నాలుగు ఇండ్లు. ఇటువంటి పెరుగుదల పుట్టుకల వల్ల వచ్చినది కాదు, బాట మలుపు వల్ల వచ్చినది. మండలవ్యవస్థను విమర్శించేవారు చాలామందే ఉన్నారు; పల్లెటూరి మనిషికి కచేరీని పది పదిహేను కిలోమీటర్లు దగ్గరకు జరిపిన మేలును వారు ఎందుకో తక్కువగా చూస్తారు.

ఈ మండలంలోనే మరొక జనాభా లెక్క ఉన్నది. అది మనుషులది కాదు, బట్టమేక పిట్టది. నిలువెత్తు కాళ్ల మీద నడిచే ఈ బరువైన పక్షి చెట్టు ఎక్కదు. పచ్చిక బయలులో నేల మీదనే, ఒక్క గ్రుడ్డు పెడుతుంది. రోళ్లపాడు బయళ్లలో వీని ఉనికి తెలిసిన తరువాత బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘం శాస్త్రజ్ఞులు 1980 దశకంలో ఇక్కడ మకాం వేసి పరిశీలించారు. 1988లో 614 హెక్టార్ల బయలును అభయారణ్యంగా ప్రకటించారు. ప్రపంచపటంలో మిడుతూరు మండలానికి దక్కిన చోటు అదొక్కటే. అయితే కాలువ నీటిని నిలువచేయడానికి అలగనూరు జలాశయం కట్టారు. నీరు చేరవచ్చిన కొద్దీ కొర్ర, జొన్న, కంది పండిన మెట్టలు, మేత బీళ్లు ఇతర పైర్లకు మారాయి. మనుషులను ఊళ్లో నిలిపిన నీరు పిట్టను వెళ్లగొట్టింది. కృష్ణజింకలు మాత్రం పెరిగి చేలమీద పడ్డాయి. రైతుకు అభయారణ్యం మీద అభిమానం కలగకపోవడానికి అదొక కారణం. బట్టమేక 2011లో ప్రపంచంలో అత్యంత ప్రమాదస్థితిలో ఉన్న జీవుల పట్టికకు ఎక్కింది. దాని కోసం పేరుపెట్టిన రోళ్లపాడులో అది కనబడడమే అపురూపమైపోయింది. రైతుది తప్పు అనడానికి నోరు రాదు. పిట్టది తప్పు అనడానికి అసలే రాదు.

మనుషుల లెక్క దగ్గరకు మళ్లీ వద్దాము. జనసంఖ్య కేవలం తెలుసుకోవడానికే ఉన్న రోజులు పోయాయి. ఇప్పుడు అది తక్కెడలో రాయి. 2000 డిసెంబరు 25న ఆరంభించిన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన కింద మైదాన ప్రాంతంలో ఒక నివాసానికి అన్ని ఋతువులలో నడిచే రోడ్డు రావాలంటే అక్కడ కనీసం 500 మంది ఉండాలని నియమం పెట్టారు. అందుకు ప్రమాణం 2001 లెక్కలు. మిడుతూరు వంటి మండలకేంద్రానికి ఈ నియమంతో చిక్కు లేదు. చిక్కంతా మజరాలకు. తల్లిగ్రామానికి రెండు మైళ్ల దూరంలో చేల నడుమ ఉన్న నూరు గడపల మజరాలో 510 మంది తేలితే తారు వస్తుంది, 490 మంది తేలితే రేగడి మిగులుతుంది. ఆ పదిమందో ఇరువదిమందో ఎక్కడికి పోయారని అడిగితే, రోడ్డు లేదని పోయారు. రోడ్డు ఎందుకు రాలేదని అడిగితే, వారు పోయారని రాలేదు. గచ్చకాయను దాచి మళ్లీ వెదికే పిల్లల ఆట వంటిదే ఇది. ఆడేది సర్కారు, వెదుక్కొనేది పల్లె.

2024 సెప్టెంబరులో ఈ పథకం నాలుగవ దశకు కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. మిగిలిపోయిన 25,000 నివాసాలకు దేశవ్యాప్తంగా 62,500 కిలోమీటర్ల రోడ్లు వేయాలని సంకల్పం. ప్రమాణం అదే 500. చూచే లెక్క 2011 నాటిది. 2021లో జరగవలసిన జనగణన మహమ్మారి వల్ల వాయిదాపడి, అటుపిమ్మట కూడా జరగకపోవడమే ఇందుకు కారణం. పదమూడేండ్ల నాటి తలలకు ఇప్పటి రోడ్లు! 2011లో అయిదేండ్ల పిల్ల ఈ సరికి పెండ్లియై మరొక ఊరికి పోయి ఉంటుంది. లెక్కలో మాత్రం ఇంకా పుట్టింటి మజరాలోనే ఉన్నది. పంచాయతీకి వచ్చే ఆర్థిక సంఘం నిధులు కూడా ప్రధానంగా జనసంఖ్య మీదనే పంపకమవుతాయి గనుక ఈ పాతలెక్క బాటలతోనే ఆగదు. వీధిదీపం దాకా, మురుగుకాలువ దాకా పోతుంది.

ఇంతలో జనం తీరే మారింది. ఇద్దరు బిడ్డలు చాలునని ఊరూరా గోడల మీద వ్రాసిన కాలం పోయింది. ఇద్దరిని మించి కన్నవారు పంచాయతీ ఎన్నికలలో నిలబడరాదన్న 1994 నాటి నిబంధనను ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2024 నవంబరులో తొలగించింది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం రాష్ట్రంలో స్త్రీకి సగటున పుట్టే బిడ్డలు 1.7 మాత్రమే. ఊరు పెరగాలంటే ఇకమీదట పుట్టుకలు చాలవు. పోయినవారు రావాలి, ఉన్నవారు పోకుండా ఉండాలి. ఆ రెండూ మళ్లీ బాట దగ్గరకే చేరుతాయి.

2022 ఏప్రిల్ 4న కర్నూలు జిల్లాను చీల్చి నంద్యాల జిల్లాను ఏర్పరచినప్పుడు మిడుతూరు నంద్యాల వైపు పడింది. తాతలనాటి నుంచి కర్నూలు కచేరీకి, కర్నూలు పెద్దాసుపత్రికి, కర్నూలు కళాశాలలకు అలవాటుపడిన ఊరికి కలెక్టరు నంద్యాలలో కూర్చున్నాడు. ఆసుపత్రికి ఒక దిక్కు, అర్జీకి మరొక దిక్కు. పటం మీద గీత ఒక్క రాత్రిలో జరుగుతుంది. బస్సు దారి జరగడానికి ఏండ్లు పడుతుంది. ఇటు ఓర్వకల్లు వద్ద 2021 మార్చిలో విమానాశ్రయం తెరిచి ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరు పెట్టారు. గని, శకునాల గ్రామాల వద్ద వేయి మెగావాట్ల సౌరవిద్యుత్కేంద్రం వెలసింది. ఉత్తరాన కర్నూలు నుంచి నందికొట్కూరు, ఆత్మకూరు, మంత్రాలకనుమ మీదుగా దోర్నాలకు పోయే రహదారి జాతీయ రహదారి అయింది. పెద్ద పనులన్నీ మిడుతూరు చుట్టూ జరిగాయి. 2025 ఆగస్టు 15 నుంచి రాష్ట్రంలో స్త్రీలకు పల్లెవెలుగు బస్సులలో టిక్కెట్టు లేని ప్రయాణం లభించింది. కూలికి, ఆసుపత్రికి, పుట్టింటికి పోయే ఆడవారికి అది మంచి ఊరట, కాదనడానికి వీలులేదు. బస్సు రాని మజరా ఆడవారు మాత్రం షేరు ఆటోకు డబ్బిచ్చి బస్సు ఆగేచోటికి వచ్చిన తరువాతనే ఆ ఉచితాన్ని అందుకోగలుగుతారు.

వాయిదాపడిన జనగణనకు 2027 మార్చి 1వ తేదీని ప్రమాణదినంగా నిర్ణయిస్తూ 2025 జూన్ 16న కేంద్రం ప్రకటన చేసింది. అంటే మనుషులను లెక్కించడం ఫిబ్రవరిలో జరగాలి. సర్కారుకు ఫిబ్రవరి అనుకూలమే: వాన ఉండదు, ఎండ ముదరదు. మెట్టసీమ పల్లెకు మాత్రం అది ఊరు పలుచబడే నెల. ఖరీఫు పైరు ఇల్లు చేరిన తరువాత పూర్వపు కర్నూలు జిల్లా కూలిజనం పిల్లాజెల్లలతో, వంటపాత్రలతో గుంటూరు, పల్నాడు ప్రాంతాల మిరపకోతలకు, పత్తితీతకు బయలుదేరుతారు. 'సుగ్గికి పోవడం' అని దీనికి ఆ సీమలో పేరు. ఆదోని, కోసిగి, మంత్రాలయం వైపు ఈ వలస అధికం. కాలువ నీరు అందని పల్లె ఎక్కడ ఉన్నా ఆ ఆపద ఉన్నదే. కొన్ని వీధులలో తాళాలు, ముసలివారు మాత్రమే మిగులుతారు.

గడచిన లెక్కలలో పాటించిన నియమం ఇది: లెక్కింపు జరిగే దినాలలో ఒక్కనాడైనా ఇంట ఉన్న స్థిరనివాసిని ఆ ఇంటి కిందనే వ్రాసుకొంటారు, ఆ దినాలన్నింటా లేనివానిని వ్రాయరు. అతడు దొరికిన చోట వ్రాస్తారు. దేశం మొత్తం కూడితే ఎవరూ తప్పిపోరు, కూడిక సరిగా ఉంటుంది. మజరా కూడిక మాత్రం తగ్గుతుంది. లెక్క ముగిసిన తరువాత మార్చి మొదటివారంలో గణకుడు మళ్లీ ఒకసారి ఇండ్లవెంట తిరుగుతాడు. ఫిబ్రవరి చివరి రాత్రి దాకా పుట్టిన బిడ్డను చేర్చుకొంటాడు, పోయిన ముసలివానిని కొట్టివేస్తాడు. ఉగాది నాటికి మిరపకోత ముగించుకొని తిరిగివచ్చే కూలివాని పేరు ఆ సరికి పల్నాడులో చేని గట్టున వేసిన గుడిసె లెక్కలో చేరి ఉంటుంది.